ప్రవల్లిక వడకట్టిన నీళ్ళు

నీళ్ళ పని ప్రవల్లికదేనని ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. మొదటి ప్రయాణంలో అది ఆమె మీద పడింది, తర్వాత ఆమె దగ్గరే ఉండిపోయింది.

నోయిడాలో వాళ్ళుండే అపార్టుమెంట్లలోని తెలుగువాళ్ళు కొందరు కలిసి ఏటా చలికాలంలో గంగ మీద పడవల్లో వెళ్ళేవారు. గఢ్‌ముక్తేశ్వర్ దగ్గర బ్రిజ్‌ఘాట్‌లో కనూలు నీళ్ళలోకి దించేవారు. కనూ అంటే పైకప్పు లేకుండా, తెడ్లతో నడిపే సన్నటి పడవ. అక్కణ్ణుంచి ఇసుకదిబ్బల మీద గుడారాలు వేసుకుంటూ, అనూప్‌షహర్ మీదుగా నరోరా దాకా సాగిపోయేవారు. హైవే మీద లారీల హారన్లు వినబడుతుండగా బయలుదేరిన మనుషులకి కాసేపట్లోనే తాబేళ్ళూ, కొంగలూ, ఆకాశమూ తప్ప మరేమీ కనిపించేది కాదు. ఊళ్ళన్నీ ఒడ్డుకి ఎక్కడో దూరాన ఉంటాయి. దుకాణం ఉండదు, కుళాయి ఉండదు. అంతమందికి సరిపడా మంచినీళ్ళు పడవల్లో మోసుకుపోవడం కుదరదు గనక నదిలో నీళ్ళే వడకట్టుకుని తాగాలి.

ప్రవల్లిక ఆ పని పద్ధతిగా చేసేది. ఒడ్డున కాకుండా, పడవలో కాస్త లోపలికి వెళ్ళి, నీళ్ళు పారుతున్న చోట బకెట్లు ముంచేది. ఒండ్రు అడుగుకి దిగేదాకా ఎవర్నీ కదపనిచ్చేది కాదు. నీళ్ళు మరీ మడ్డిగా ఉంటే పటిక ముక్క తిప్పేది. తేరిన నీళ్ళని నూలుచీర మడతలోంచి ఒంపి ఫిల్టరు సంచి నింపేది. ఇసుకదిబ్బ మీద చెట్టూ చేమా ఉండవు కాబట్టి మూడు తెడ్లు ఒకదానికొకటి ఆనించి కట్టి, సంచిని దానికి వేలాడదీసేది. సంచి అడుగు నుంచి ఒక గొట్టం, గొట్టం మధ్యలో అరచేతిలో పట్టేంత ఫిల్టరు, చివర శుభ్రమైన నీళ్ళు చేరే ఇంకో సంచి. ఫిల్టరు లోపల సేమియా పోగుల్లాంటి బోలు గొట్టాలు గుత్తులు గుత్తులుగా ఉంటాయి. వాటి గోడల్లోంచి నీళ్ళు దూరగలవు, రోగాలు తెచ్చే క్రిములు దూరలేవు. నది నీళ్ళు ముంచే మగ్గుకి ఆమె ఎర్ర టేపు చుట్టి ఉంచేది. ఆ మగ్గుని పొరపాటున ఎవరైనా మంచినీళ్ళ వైపు తెచ్చారా, మొగుడైన గోపీకృష్ణనైనా సరే, అందరి ముందూ దులిపేసేది. ఆఫీసులో ఆమె ఉద్యోగం ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. ఆ కళ్ళు గంగ ఒడ్డున కూడా అలాగే పనిచేస్తాయని అందరూ నవ్వేవారు. నవ్వుతూనే ధైర్యంగా తాగేవారు.

ఆ జనవరిలో భీమేశ్వరరావు గారు తానూ వస్తానన్నారు.

ఆయనది ఎదురు బ్లాకు. రామచంద్రపురం దగ్గరి మనిషి. కేంద్రప్రభుత్వంలో నదుల శాఖలో చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా ఏ నదిలో ఎంత నీరు పారుతోందన్న లెక్కల మధ్యే గడిచింది గానీ, నది మీద హాయిగా కూర్చుని ప్రయాణం చేసిన రోజు ఒక్కటీ లేదనేవారు. కొన్నేళ్ళ కింద ఆయన మూత్రపిండాలు రెండూ పాడైతే భార్య జానకీదేవి గారు తన కిడ్నీ ఒకటి ఇచ్చారు. అప్పట్నుంచీ ఆ కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఉండడానికి ఆయన రోజూ మందులు మింగుతూ ఉండాలి. ఆ మందుల వల్ల ఒంట్లో రోగనిరోధక శక్తి తక్కువ. మనందరికీ ఒక పూట కడుపునొప్పితో పోయేది ఆయన్ని ఆస్పత్రిలో పడేయగలదు.

"డాక్టరు గారు సరేనన్నారమ్మా. పడవ మధ్యలో కూర్చోమన్నారు, తెడ్డు పట్టుకోవద్దన్నారు. బయటి తిండీ, బయటి నీళ్ళూ ముట్టుకోవద్దన్నారు. అంతే," అన్నారు భీమేశ్వరరావు గారు, ప్రవల్లిక ఇంటికొచ్చి, సెలవు అడగడానికొచ్చిన బంట్రోతులా నిలబడి. "డాల్ఫిన్ని ఒక్కసారి చూడాలనుంది. ఫైళ్ళలో వాటి గురించి చాలా చదివాను."

జానకీదేవి గారు మాత్రం బయలుదేరే ముందు రోజు రెండు పెద్ద క్యాన్ల నిండా కాచి చల్లార్చిన నీళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టారు.

"అమ్మాయ్, ఆయన ఒంట్లో ఉన్నది నాది. ఇచ్చేటప్పుడు నాకింత భయం వెయ్యలేదు. ఇవే తాగించు. ఆయన మొహమాటం మనిషి, ఎవరేం చేతిలో పెట్టినా పుచ్చేసుకుంటారు. నువ్వు కనిపెట్టి ఉండాలి."

"నేను చూసుకుంటానాంటీ. మీరు నిశ్చింతగా ఉండండి," అంది ప్రవల్లిక. ఆ మాట ఆమె తేలిగ్గా అన్నది కాదు.

మొదటిరోజు ఎండ కాసింది. జనవరిలో అలాంటి రోజు దొరకడం అదృష్టం. భీమేశ్వరరావు గారు ఉన్ని టోపీ పెట్టుకుని ప్రవల్లిక, గోపీకృష్ణల పడవ మధ్యలో, దుప్పటి మడత మీద కూర్చున్నారు. నీళ్ళు ఆకుపచ్చగా, తేటగా ఉన్నాయి. ఒకచోట నది వంపు తిరిగి లోతుగా ఉన్న మడుగులో బూడిదరంగు వీపు ఒకటి పైకి లేచి, ఒక్క ఊపిరి వదిలి మునిగిపోయింది. ఆయన "అదుగో!" అన్నారు.  వెనకనుంచి తెడ్డు వేస్తున్న ప్రవల్లికకి ఆయన భుజాలు వణకడం కనిపించింది. చలికేమో అనుకుంది.

క్యాన్ల సంగతి మధ్యాహ్నం జరిగింది. నీళ్ళు లోతు లేనిచోట పడవలన్నీ ఇసుకకి తట్టుకుంటే అందరూ దిగి తోశారు. వాళ్ళ పడవ ఒక్కసారి పక్కకి ఒరిగింది. మనిషికేం కాలేదు, ఆయన అప్పటికే ఒడ్డున ఉన్నారు. సామాను మాత్రం దొర్లింది. ఒక క్యాను మూత ఊడి ఖాళీ అయిపోయింది. రెండోది అడుగున పగిలి, వాళ్ళు చూసుకునేసరికి పడవ అడుగంతా పారింది.

"ఇవాళ్టినుంచి నేనూ మీ పార్టీయే," అని నవ్వారు భీమేశ్వరరావు గారు.

సాయంత్రం దిబ్బ మీద మకాం వేశాక ప్రవల్లిక ఆయన కోసం నీళ్ళు విడిగా కాస్తానంది. ఆయన ఒప్పుకోలేదు. "ఉన్నది రెండు గ్యాసు సిలిండర్లు. ఇంతమందికి వంటవ్వాలి. నీ ఫిల్టరు ఉందిగా, అది చాలు. దాని మీద రాసినదంతా చదివానమ్మా, ఊళ్ళకి మంచినీళ్ళిచ్చే పెద్ద ప్లాంట్లలో పెట్టేవాటికి ఇది చెల్లెలు." ఆమె ఇంకోసారి అంది. ఆయన ఇంకోసారి వద్దన్నారు. ఫిల్టరు మీద ఆమెకీ నమ్మకమే. ఆ ఏడాది అది ఎన్నడూ లేనంత చురుగ్గా పారుతోంది కూడా. మామూలుగా సంచి నిండడానికి కూరగాయలు తరిగేంత సేపు పట్టేది, ఇప్పుడు చూస్తుండగానే నిండిపోతోంది. గంగ ఈసారి తేటగా ఉంది, అందుకే కాబోలు అని సంతోషపడింది. మొదటి గ్లాసు భీమేశ్వరరావు గారికే ఇచ్చింది. ఆయన గటగటా తాగి, "కమ్మగా ఉన్నాయమ్మాయ్" అన్నారు.

మర్నాడు తెల్లారలేదు. అంటే, తెల్లారింది గాని ఏమీ కనబడలేదు. పొగమంచు. ఢిల్లీ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి జనవరి పొగమంచు కొత్త కాదు. కానీ ఇంట్లో కిటికీలోంచి చూసే పొగమంచు వేరు, నది నడుమ దిబ్బ మీద చుట్టుముట్టే పొగమంచు వేరు. నది చప్పుడు వినిపిస్తోంది, నది లేదు. పక్క గుడారం కూడా సరిగ్గా ఆనడం లేదు. దారిలో జాలర్ల వలలున్నాయి, పడవల వంతెన గుంజలున్నాయి. కనపడని నీళ్ళలోకి పడవలు దించే ప్రసక్తే లేదన్నాడు గోపీకృష్ణ. మంచు తేలిపోయేదాకా ఆగుదామనుకున్నారు. అందరూ దుప్పట్లు కప్పుకుని పొయ్యి చుట్టూ చేరారు. ఆ ఫిల్టరు నీళ్ళే పొద్దున తాగారు, టిఫిన్లో తాగారు, మాటల మధ్యలో తాగారు.

ఆ మాటల మధ్యలోనే శశిధర్ ఆ సంగతి చెప్పాడు.

శశిధర్ గోపీకృష్ణ ఆఫీసులో జూనియరు. కరీంనగర్ కుర్రాడు, గలగలా మాట్లాడతాడు. డిసెంబర్లో స్నేహితులతో హిమాచల్ కొండల్లో ట్రెక్కింగుకి వెళుతూ గోపీకృష్ణ దగ్గర ఆ ఫిల్టరు అరువడిగి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చాక శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, కవర్లో పెట్టి మరీ ఇచ్చాడు. ఇప్పుడు చలి గురించి మాటొచ్చింది.

"ఇది కూడ చలేనా అన్నా? ఆడ చూడాలె. టెంటు బయట పెట్టిన బూట్లు కట్టెలెక్క అయినయ్. గీ ఫిల్టర్ అయితే, వదినా, పొద్దుగాల చూస్తే రాయి! లోపల నీళ్ళు మొత్తం గడ్డకట్టినయ్. ఛాయ్ గిన్నె మీద పెట్టి కరగవెట్టినం. మంచిగనే పనిచేసింది మళ్ళ. ఇంక ఫాస్ట్ అయింది."

అందరూ నవ్వారు. ప్రవల్లిక చేతిలో గ్లాసు ఉంది. ఆమె దాన్ని కింద పెట్టింది. ఇసుకలో అది ఒరిగి పడిపోయింది.

"ఏమన్నావు శశీ? గడ్డకట్టిందా?"

"అవ్ వదినా. ఏమైతది? కరిగింది కద."

తడిసిన ఫిల్టరు గడ్డకడితే లోపలి పోగులు చిట్లిపోతాయి. నీళ్ళు మంచుగా మారేటప్పుడు ఉబ్బుతాయి, వెంట్రుకంత గొట్టాలు ఆ ఒత్తిడికి ఆగవు. పైకి ఏమీ తెలియదు. పగుళ్ళు కనిపించవు, కారదు, రుచి మారదు. ఒక్కటే తేడా, నీళ్ళు ముందుకంటే జోరుగా పారతాయి, దారి పెద్దదైంది గనక. ఇదంతా ఆమెకి తెలుసు. ఫిల్టరుతో వచ్చిన కాగితంలో చదివింది. గోపీకి చెప్పింది కూడా. గోపీ శశిధర్‌కి ఇచ్చేటప్పుడు చెప్పాడో లేదో అడగలేదు.

ఆమె లేచి వెళ్ళి తెడ్ల మధ్యనుంచి ఫిల్టరు విప్పింది. తడిసిన పోగుల్లోంచి నీరు పోతుంది గాని ఊదిన గాలి పోకూడదు. పోతే ఎక్కడో చిట్లిందని అర్థం. ఒక కొసని మగ్గులోని నీళ్ళలో ముంచి, రెండో కొసని నోట్లో పెట్టుకుని ఊదింది. బుడగలు వచ్చాయి. ఆపి, గొట్టంలో మిగిలిన గాలేమోనని మళ్ళీ బాగా తడిపి, నెమ్మదిగా ఊదింది. మగ్గు నిండా గలగలమంటూ బుడగలు.

గోపీకృష్ణ వెనకొచ్చి నిలబడ్డాడు. 

"చెప్పాను వాడికి," అన్నాడతను నెమ్మదిగా. "జాగ్రత్తగా వాడు అని చెప్పాను. చలి సంగతి... గుర్తు లేదు ప్రవల్లీ. చెప్పానో లేదో గుర్తు లేదు."

ఆమె మగ్గులో నీళ్ళు ఇసుకలో పారబోసింది.  నిన్నంతా, ఇవాళంతా తాము తాగినవి గుడ్డలోంచి ఒంపిన గంగనీళ్ళు. పైన హరిద్వార్ నుంచి ఎన్ని ఊళ్ళ మురికి కలుస్తుందో. ఆ నీళ్ళే ఆమె తన చేత్తో, అందరికంటే ముందు, భీమేశ్వరరావు గారికి ఇచ్చింది.

ఆయన గుడారం గుమ్మంలో కుర్చీలో కూర్చుని మంచులోకి చూస్తున్నారు. ఆమె వెళ్ళి ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది.  ఆయన అడ్డురాకుండా విన్నారు.

"బుడగలు చాలా వచ్చాయా?" అని అడిగారు.

"వచ్చాయంకుల్."

"ఊఁ."

ఆయన ముఖంలో భయం ఒక్కసారి వచ్చి, ఆమె చూస్తుండగానే దాక్కుంది. చెయ్యి తెలియకుండానే పొట్ట కుడివైపుకి, కిడ్నీ అతికించిన చోటికి వెళ్ళింది. "అచ్ఛా," అన్నారు. "ఇప్పుడేం చేద్దాం?"

 ఇకమీదట అన్నీ కాచి తాగొచ్చు. మందుల పెట్టెలో క్లోరిన్ బిళ్ళలున్నాయి, అవీ వెయ్యొచ్చు. కానీ లోపలికి పోయినదాన్ని ఏం చేస్తారు? ఒడ్డు ఎటుందో తెలియదు. ఆమె ఫోను పట్టుకుని దిబ్బ ఈ కొస నుంచి ఆ కొసకి తిరిగింది. ఒకచోట సిగ్నల్ ఒక్క గీత వచ్చింది. ఆస్పత్రి నంబరు కలిసింది. హిందీలో ఒక ఆడగొంతు, మీ కాల్ మాకెంతో ముఖ్యం, దయచేసి లైన్లో ఉండండి అంది. వెనక సితారు మోగింది. ఆమె కదలకుండా, ఊపిరి కూడా గట్టిగా తీసుకోకుండా నిలబడింది. సితారు ఆగిపోయింది. గీత పోయింది. మళ్ళీ రాలేదు.

శశిధర్ ఆమె వెనకాలే వచ్చాడు. గలగలలన్నీ ఎటో పోయాయి. "నాకు తెల్వదు వదినా. నిజంగ తెల్వదు. తెలిస్తే చెప్పకపోదునా?"

"నీకు తెలీదని నాకు తెలుసు శశీ," అంది. అతన్ని తిట్టగలిగితే కాస్త తేలికపడేదేమో. అతను అబద్ధమాడలేదు, దాచలేదు, కడిగి ఆరబెట్టి ఇచ్చాడు.

ఆ పగలంతా ఆమె నీళ్ళు కాస్తూ కూర్చుంది. గ్యాసు అయిపోతుందని ఎవరో అంటే, వంట మానేద్దామంది. మరిగే గిన్నె వంక చూస్తూ, మూత కదిలినా పొయ్యి తగ్గించలేదు. భీమేశ్వరరావు గారు వేళకి మాత్రలు వేసుకున్నారు. ఆ కాచిన నీళ్ళు ఆమె గ్లాసులో పోసి ఇస్తే, ఒక్క క్షణం, ఒక్క క్షణమే, గ్లాసులోకి చూసి తాగారు. ఆయన అలా చూడడం ఆమె చూసింది.

మరుసటి ఉదయం మంచు పలచబడింది. నీళ్ళ మీద నాలుగు పడవల దూరం కనిపిస్తే చాలని బయలుదేరారు. అనూప్‌షహర్ రేవులో దిగగానే ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. ప్రవల్లిక జానకీదేవి గారికి ఫోను చెయ్యబోతే భీమేశ్వరరావు గారు ఆమె చేతిలోంచి తీసుకున్నారు.

"జానకీ, నేనే. బావున్నాను. డాల్ఫిన్ని చూశాను. విను, నీ క్యాన్లు పగిలిపోయాయి. ఇక్కడి ఫిల్టరు పాడైపోయిందని తర్వాత తెలిసింది. ఆ నీళ్ళు తాగేశాను. అమ్మాయి తప్పేం లేదు. తిన్నగా ఆస్పత్రికే వస్తున్నాం, నువ్వూ అక్కడికే రా."

 ఆయన ఫోను చెవికి పెట్టుకుని అలాగే నిలబడ్డారు. తర్వాత, "పెట్టేసింది" అన్నారు.

డాక్టరు మలయాళీ ఆవిడ, నెమ్మదైన మనిషి. రక్తం తీయించింది, అన్నీ మామూలుగానే ఉన్నాయంది. ముందుజాగ్రత్తకి ఒక మందు రాసింది. "ఇప్పుడు ఇంతకన్నా చేసేదేం లేదు. జ్వరం, విరేచనాలు, ఏది మొదలైనా వెంటనే తీసుకురండి. ఏమీ కాకపోవచ్చు కూడా," అంది ఇంగ్లీషులో. ఎన్నాళ్ళు కనిపెట్టుకుని ఉండాలని ప్రవల్లిక అడిగితే, కొన్ని క్రిములు వెంటనే బయటపడతాయి, కొన్ని వారాల తరబడి లోపల దాక్కుంటాయి అంది.

అలా ఎదురుచూడడం మొదలైంది. ప్రవల్లిక పొద్దున్నే బాల్కనీలోకి వచ్చి ఎదురు బ్లాకులో వాళ్ళ వంటింటి లైటు చూసేది. వెలిగితే మామూలుగానే లేచారని అర్థం. మరీ ముందే వెలిగితే ఫోను చేతిలోకి తీసుకునేది. ఆఫీసులో కూర్చున్నా చూపు ఫోను మీదే. పడవల్లో వచ్చినవాళ్ళలో ముగ్గురికి కడుపు పాడైంది, రెండురోజుల్లో తగ్గింది. శశిధర్‌కి కూడా. "నాకు అయింది వదినా, మంచిగైంది. అంకుల్‌కి కాలేదు కద ఇంక?" అని ఫోనులో ఆశగా అడిగాడు. కాలేదు, అంది. ఆ వారం గడిచింది. మెట్ల దగ్గర ఎదురైతే భీమేశ్వరరావు గారు "నేను గట్టివాణ్ణమ్మాయ్" అని బొటనవేలు పైకెత్తి చూపించారు.

ఆ తర్వాతి ఆదివారం ఎదురింటి లైటు చీకటుండగానే వెలిగింది.

విరేచనాలు ఆయన్ని గుడ్డ పిండినట్టు పిండేశాయి. ఆస్పత్రికి చేరేసరికి కళ్ళు లోపలికి పోయాయి, నాలుక పిడచగట్టుకుపోయింది. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీకి దెబ్బ. దానికి తోడు, కడుపు పాడైనప్పుడు ఆ రోజువారీ మందు రక్తంలో ఎక్కువైపోయి అదీ కిడ్నీనే దెబ్బతీస్తుందట. తగ్గిస్తే ఒళ్ళు కిడ్నీని తిప్పికొడుతుంది, తగ్గించకపోతే మందే దాన్ని తినేస్తుంది. డాక్టర్లు ఆ రెండింటి నడుమ సన్నటి గట్టు మీద ఆయన్ని నడిపించాలని చూశారు. కిడ్నీ వడకట్టలేక రక్తంలో వదిలేసిన మురికి ఎంతో చెప్పే క్రియాటినిన్ అంకె రోజూ సాయంత్రం వచ్చేది. రోజూ నిన్నటికంటే పెద్దదిగా వచ్చేది.

ప్రవల్లిక సెలవు పెట్టి ఆస్పత్రి వరండాలో కూర్చునేది. లోపలికి పంపేవాళ్ళు కారు. చెయ్యడానికి పనేమీ లేదు. కాఫీ తెచ్చినా జానకీదేవి గారు అందుకునేవారు కారు, వద్దనేవారూ కారు. గ్లాసు పక్కన అలా చల్లారిపోయేది. గుర్‌గావ్‌లో ఉద్యోగం చేసే వాళ్ళమ్మాయి అక్షర ఒకరోజు వచ్చి పక్కన కూర్చుంది. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది, సరిగా మాట్లాడలేదు.

"దీదీ, ఆప్ ఘర్ జాయియే, ప్లీజ్. మమ్మీ మిమ్మల్ని చూస్తే..." అని తెలుగు దొరక్క ఆగిపోయింది. "మమ్మీ కో ఔర్ తక్‌లీఫ్ హోతీ హై."

తను కనిపిస్తే వాళ్ళమ్మ బాధ ఇంకా పెరుగుతోంది, ఇంటికి వెళ్ళమని అడుగుతోంది. ప్రవల్లిక లేచింది. వెళ్ళేముందు డాక్టరు కనబడితే ఆపి, "ఆ నీళ్ళ వల్లేనా?" అని అడిగింది. ఎవరో ఒకరు అవునని అంటే బాగుండుననిపించింది.

"క్రిమి ఏదో దొరకలేదు," అంది డాక్టరు. "నీళ్ళు కావచ్చు. ఘాట్‌లో తాగానని ఆయన చెప్పిన టీ కావచ్చు. ఇంటికొచ్చాక తిన్న సలాడ్ కావచ్చు. ఇది తెలుసుకోవడానికి మనకి దారి లేదు."

జానకీదేవి గారు ఆ మాట విన్నారు. డాక్టరు వెళ్ళాక మొదటిసారి ప్రవల్లికతో మాట్లాడారు.

"నువ్వు తప్పు చేశావని తేలితే నిన్ను నాలుగు తిట్టి ఊరుకుందును. ఆ కుర్రాడు కావాలని చేశాడంటే వాణ్ణి తిడదును. ఎవరూ ఏమీ చెయ్యలేదంటున్నారు. మరి పోతున్నది నాదేగా అమ్మాయ్? నేనెవర్ని అడగను?"

  జానకీదేవి గారు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అవతలికి తిరిగిపోయారు.

ప్రాణం నిలిచింది. కిడ్నీ నిలవలేదు. హోలీ ముందు ఆయన ఇంటికొచ్చారు. ఇంకో కిడ్నీ ఎవరైనా ఇచ్చేదాకా డయాలిసిస్ మీదే ఉండాలి. అక్షర తనది ఇస్తానంది. ఆయన అంతకుముందెన్నడూ పెంచనంతగా గొంతు పెంచి, ఆ మాట మళ్ళీ ఎత్తితే అన్నం ముట్టనన్నారు. శశిధర్ ఒకసారి వచ్చి, పళ్ళు బల్ల మీద పెట్టి, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఆయనే అతన్ని ఓదార్చి పంపించారు. తర్వాత అతను హైదరాబాదుకి బదిలీ పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

ప్రవల్లిక శనివారాలు వెళ్ళేది. మొదట్లో జానకీదేవి గారు తలుపు తీసి లోపలికి వెళ్ళిపోయేవారు. పోనుపోను, "కాసేపు కూర్చో, నేను స్నానం చేసొస్తాను" అనడం మొదలుపెట్టారు. అది క్షమించడమో, మరో మనిషి సాయం లేక అన్నదో ప్రవల్లికకి తెలియలేదు. అడగలేదు.

మే నెల. బయట వడగాలి కిటికీ అద్దాల్ని కొడుతోంది. డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళ ఒంట్లోంచి నీరు బయటికి పోదు, అందుకని రోజుకి ఇంతేనని కొలిచి ఇస్తారు. కూరలో పులుసూ, మాత్రతో తాగే గుక్కా అన్నీ అందులోకే వస్తాయి. ఆయన దిండుకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. చిక్కిపోయిన మెడలో గుటక మింగడం తెలుస్తోంది.

"అమ్మాయ్."

"అంకుల్."

"ఒక్క గుక్క ఇస్తావా? దాహంగా ఉంది."

ఆమె బల్ల వంక చూసింది. పొద్దున జానకీదేవి గారు కొలిచి పోసిన చెంబు బోర్లించి ఉంది. వంటింట్లో సీలు విప్పని నీళ్ళ క్యాన్లు గోడవారగా ఉన్నాయి. బాత్రూంలో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఇవాళ్టివి అయిపోయాయంకుల్," అంది.

ఆయన కళ్ళు తెరిచి ఆమెని చూశారు. కోపం లేదు, బతిమాలడమూ లేదు. "అచ్ఛా" అన్నారు. ఆమె చేతిరుమాలు తడిపి, గట్టిగా పిండి, ఆయన పెదాలకి అద్దింది. పిండడం మరీ ఎక్కువైందేమో, దాదాపు పొడిగానే ఉంది. ఆయన ఆ తడి కోసం పెదాలు కాస్త తెరిచి, దొరక్క, నెమ్మదిగా గోడవైపు ఒత్తిగిల్లారు.